హబ్బుకీ చక్రానికీ మధ్య

"పెట్టాను మేడం. నా చేత్తో నేనే పెట్టాను. ఇప్పుడు బండికి లేవంటే నన్నేం చెయ్యమంటారు?"

పొద్దుట్నించీ ఆయనది ఇదే పాట. స్టేషన్‌లో వెనక గది, ఒక బల్ల, రెండు కుర్చీలు, తిరగని ఫ్యాను. బల్లకి అవతల కూర్చున్నాయన కార్లకి కొత్త చక్రాలు వేసే షాపు ఓనరు. కుర్రకారంతా ఆయన్ని రిమ్ముల బాబాయ్ అంటారు. మామూలు రోజుల్లో ఆయన నోరు మూయించడం ఎవరి తరమూ కాదని విన్నాను. ఇవాళ మాత్రం ఆ నోటికి ఒక్క ముక్కే తెలిసినట్టుంది.

నాకు ఓపిక తక్కువ. పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా కేసులు చూసుకోవడం మొదలెట్టాక ఆ కాస్తా పోయింది. పైగా ఎదుటి మనిషి కళ్ళు తుడుచుకుంటుంటే నాకు జాలేస్తుంది, జాలేస్తే కోపమొస్తుంది.

"పెట్టానంటే సరిపోదయ్యా. మొదట్నించీ చెప్పు. నాకు కార్లంటే ఎక్కడం, దిగడం తప్ప ఇంకేం తెలీదనుకుని చెప్పు."

కేసు చిన్నదే. ఆదివారం పొద్దున బైపాస్ మలుపులో ఒక కారు ముందు టైరు పేలి, రోడ్డు దిగి గోడకి కొట్టుకుంది. నడుపుతున్న అమ్మాయికి ఇరవయ్యారేళ్ళు. ఇంట్లో బుజ్జమ్మ అని పిలుస్తారు. అక్కడికక్కడే పోయింది. అంతకు ముందు సోమవారమే ఆ బండికి కంపెనీ చక్రాలు తీసేసి కొత్తవి వేసింది ఈ బాబాయే. తప్పుడు చక్రాలు వేసి ఒక ప్రాణం తీశాడని కేసు. రేపు కోర్టుకి తీసుకెళ్తారు.

నన్ను పిలిచింది ఆ అమ్మాయి తండ్రి. బస్సు డిపోలో పనిచేసి రిటైరైన పెద్దాయన. "వాడు తప్పించుకోకూడదమ్మా. ఎక్కడా లొసుగు లేకుండా నిరూపించండి" అన్నాడు. అంటే నేనీ గదిలో కూర్చున్నది బాబాయ్‌ని ఒడ్డున పడెయ్యడానికి కాదు, ముంచడానికి.

బాబాయ్ ఎడమచెయ్యి పిడికిలి బిగించి, దానిమీద కుడిచెయ్యి గిన్నెలా బోర్లించాడు.

"ఈ పిడికిలి హబ్బు. చక్రం బిగించడానికి బండికి ఉండేది. ఈ చెయ్యి చక్రం. చక్రం వెడల్పుకి సరిగ్గా నడిమధ్యన ఒక గీత ఉందనుకోండి. చక్రంలో హబ్బుకి ఆనుకునే ముఖం ఒకటుంటుంది. ఆ ముఖం గీత మీదే ఉంటే ఆఫ్‌సెట్ సున్నా. ముఖం గీతకి బయటివైపు జరిగితే చక్రం మొత్తం బండి లోపలికి పోతుంది. లోపలివైపు జరిగితే చక్రం బయటికి పొడుచుకొస్తుంది. మరీ బయటికొస్తే మడ్‌గార్డుకి రాసుకుంటుంది. మరీ లోపలికెళ్తే షాకబ్జార్బరుకి రాసుకుంటుంది."

"నట్ల బొక్కలు కలిస్తే చాలదా?"

"కాలు దూరింది కదా అని చెప్పులు కొనేస్తామా మేడం? నాలుగడుగులు వేస్తే కరుస్తాయో లేదో చూసుకోవద్దూ?" ఒక్క క్షణం ఆయనలో షాపులో మనిషి కనిపించాడు. వెంటనే మాయమయ్యాడు. "ఆ అమ్మాయికి నల్ల చక్రాలు నచ్చాయి. ఐదు రేకులవి. అవి ఆ బండికి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఆఫ్‌సెట్‌లోనే దొరికాయి. లోపలికి పోతాయమ్మా, వద్దు, ఇంకోటి చూసుకో అన్నాను. 'నాకు నచ్చిందే కావాలి బాబాయ్, నువ్వే ఏదో దారి చూడు' అంది. వెనక చక్రాలకి చోటుంది, ఇబ్బంది లేదు. ముందువాటికి స్పేసర్ వేశాను."

"అంటే?"

"హబ్బుకీ చక్రానికీ మధ్య వేలెడు మందం అల్యూమినియం బిళ్ళ. లోపలికి పోయిన చక్రాన్ని అంతమేరా బయటికి తెస్తుంది. మధ్యలో బిళ్ళ వచ్చిందంటే పాత స్టడ్లు, అంటే నట్లు ఎక్కించే హబ్బు బోల్టులు, పొట్టివైపోతాయి, నట్టుకి పట్టు చాలదు. అందుకని హబ్బులోంచి స్టడ్లు కూడా కొట్టి తీసి పొడుగువి వేశాను. చక్రం తిప్పి, టైరుకీ షాకబ్జార్బరుకీ మధ్య వేలు పెట్టి ఆ అమ్మాయికి చూపించాను."

"బిళ్ళలు లేకపోతే?"

"కార్డుముక్క కూడా దూరదు. సందుల్లో తిరిగితే ఏమీ తెలీదు. స్పీడు మీద పెద్ద మలుపు తిరిగినప్పుడు బరువు పడి టైరు పక్కకి ఉబ్బుతుంది. అప్పుడు రాసుకుంటుంది. రాసుకుంటే కోత పడుతుంది."

"ఇది ఎవరికి చెప్పావు?"

"ఆ అమ్మాయికే. ఇంట్లో కూడా చెప్పుకోమ్మా, పంక్చర్ వేసేవాడికీ చెప్పు, తీసినవాడు మళ్ళీ పెట్టాలి అన్నాను. నవ్వింది. 'మా నాన్నకి తెలిస్తే పీకి పందిరేస్తాడు బాబాయ్, ఇంట్లో చెప్పను' అంది. నేనూ నవ్వాను మేడం. ఆ నవ్వే ఇప్పుడు నా ప్రాణం తీస్తోంది. ఫోన్ చేసి వాళ్ళ నాన్నకి నేనే ఒక మాట చెప్పుంటే పోయేది. నాకెందుకులే అనుకున్నాను."

"తర్వాత ఆ బండి మళ్ళీ చూశావా?"

"బుధవారం వచ్చింది. కొత్త చక్రాలు కొంచెం తిరిగాక నట్లు మళ్ళీ బిగించాలి. నేనే పానా వేశాను. బిళ్ళలు ఉన్నాయి. ఒట్టేసి చెప్తున్నాను."

"ఒట్లు కోర్టులో వేసుకుందువు గాని" అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ ఇన్‌స్పెక్టరు.

ఈ ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు నా కిందే పనిచేశాడు. అప్పుడు సెల్యూట్ కొట్టి గానీ మాట్లాడేవాడు కాదు. ఇప్పుడు జేబులోంచి చెయ్యి తియ్యడు. తెలివైనవాడే, కానీ తెలివికన్నా తొందర ఎక్కువ.

"అయిందా మేడమ్, కాలక్షేపం?"

"అవుతోంది. ఆ బిళ్ళల కోసం వెతికించావా?"

"బండికి లేవు. రోడ్డంతా వెతికించాను, లేవు. షాపులో మాత్రం అదే కొలతవి ఒక జత పెట్టె విప్పకుండా ఉన్నాయి. అంటే ఏంటి? పెట్టడం మర్చిపోయాడు. ఇప్పుడు పెట్టానని బుకాయిస్తున్నాడు."

"షాపన్నాక ఇంకో జత సరుకుండదా?"

"మేడమ్, మీ పెద్దాయన వీడికి శిక్ష పడాలంటున్నాడు. నేను వేయిస్తానంటున్నాను. ఆయనకి లేని అనుమానం మీకెందుకు? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"లొసుగు లేకుండా నిరూపించమన్నాడు కాబట్టి. నువ్వు పట్టిన కుందేలుకి మొదట్నించీ మూడే కాళ్ళు. నాలుగోది ఉందో లేదో నేను చూసుకుంటాను. బండి చూపించు."

"చూడండి. దానికి టికెట్టు లేదు" అన్నాడు.

స్టేషన్ వెనక రేకుల షెడ్డులో ఉంది కారు. ఎడమవైపు ముందుభాగం ఇంజను దాకా నుజ్జయింది. డ్రైవరు సీటు కింద ఒక చెప్పు ఉండిపోయింది. చూడకూడదనుకున్నాను, చూశాను. నాకు పిల్లల్లేరు. అయినా ఆ చెప్పు చూసి కాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను. ఇన్‌స్పెక్టరు కూడా అటు తిరిగి నిలబడ్డాడు. అంతమాత్రం మనిషే అతను.

పేలిన టైరు దగ్గర కూర్చున్నాను. పేలిన టైరు చిందరవందరగా చీలుతుందని నాకూ తెలుసు. ఇది బయటివైపు అలాగే చీలింది. లోపలివైపు మాత్రం చుట్టూతా ఒకే గీత, బ్లేడుతో కోసినట్టు. దానికెదురుగా షాకబ్జార్బరు మీద రంగు లేచిపోయి నల్లగా రబ్బరు అంటుకుని ఉంది. బాబాయ్ చెప్పినట్టే రాసుకుంది.

"నేను చెప్పింది కూడా అదేగా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కుడివైపుకి వెళ్ళాను. అటు చక్రం బాగానే ఉంది. టార్చి వేసి లోపలికి చూస్తే ఆ టైరుకీ అలాంటి గీతే పడుతోంది, ఇంకా లోతు పోలేదు. లేచి నట్ల వైపు చూశాను. ఒక్కో నట్టులోంచీ స్టడ్డు వేలెడు బయటికి వచ్చి ఉంది.

"ఇవెందుకింత పొడుగున్నాయి?"

"పొడుగువి వేశానని వాడే చెప్పాడుగా."

"అదే అడుగుతున్నాను. హబ్బులోంచి పాత స్టడ్లు సుత్తితో కొట్టి తీసి, పొడుగువి ఎక్కించి, అంత చాకిరీ చేసినవాడు ఏ బిళ్ళ కోసం చేశాడో ఆ బిళ్ళే మర్చిపోయాడా? గుండీలన్నీ పెట్టుకుని చొక్కా తొడుక్కోవడం మర్చిపోయానన్నట్టుంది. ఈ చక్రం విప్పించు."

ఇన్‌స్పెక్టరు మొహం చిట్లించాడు గానీ కానిస్టేబుల్‌కి సైగ చేశాడు. చక్రం ఊడొచ్చింది. దాన్ని బోర్లా పడుకోబెట్టించి వెనకవైపు టార్చి వేశాను. హబ్బుకి ఆనుకునే ముఖం మీద గుండ్రంగా ఒక అచ్చు ఉంది. నల్లరంగు నలిగి మెరుస్తోంది. బండి హబ్బు ఆ అచ్చు కన్నా చిన్నది. జానతో కొలిచి చూపించాను.

"ఇది హబ్బు పెట్టిన అచ్చు కాదు. దీనికన్నా పెద్దది, గుండ్రటిది ఏదో కొన్నాళ్ళు దీనికి గట్టిగా ఆనుకుని ఉంది. నీ దగ్గర పెట్టె విప్పని జత ఉందన్నావుగా, తెచ్చి పెట్టి చూసుకో."

తెప్పించాడు. పెట్టి చూశాడు. సరిగ్గా సరిపోయింది. చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు, ఇంకోలా పెడితే సరిపోకుండా పోతుందేమోనని.

"అయితే ఎవరో తీశారు" అన్నాడు చివరికి. "దొంగా?"

"దొంగ అయితే చక్రాలే పట్టుకుపోతాడు. బిళ్ళలు తీసి, చక్రాలు మళ్ళీ పద్ధతిగా బిగించి పోడు. ఈ హబ్బు చూడు. తుప్పు గీకి, బ్రష్షు కొట్టి, గుడ్డతో తుడిచారు. అద్దంలా ఉంది. ఇది ఏదోలా కానిచ్చేద్దామనుకున్నవాడి పని కాదు. ఎవరో శ్రద్ధగా చేశారు."

అప్పుడు కనిపించింది నాకు ఇంకొకటి. విప్పిన నట్లు కానిస్టేబుల్ నేలమీద వరసగా పెట్టాడు. ప్రతి నట్టు మీదా ఒక సన్నటి పసుపు గీత. మిగతా చక్రాలు చూశాను. వాటికీ ఉంది. స్టడ్డు మీద మొదలై నట్టు మీదుగా పోయి చక్రం మీద ఆగుతోంది. ఒక్కటీ వంకర పోలేదు.

"షాపులో గీసుకునే గుర్తులై ఉంటాయి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

వెనక గదికి వెళ్ళి ఒక నట్టు బాబాయ్ ముందు పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నా పని కాదు మేడం. ఆ అమ్మాయి నల్ల చక్రాలకి నల్ల నట్లు ఏరికోరి తెప్పించుకుంది. వాటిమీద పసుపు రంగు పూస్తే నన్ను బతకనిచ్చేదా? ఇది బస్సులవాళ్ళ పద్ధతి. బిగించాక అలా గీత గీస్తారు. నట్టు ఏ కొంచెం వదులైనా గీత తప్పుతుంది, డ్రైవరు నిలబడే కనిపెట్టేస్తాడు."

నట్టు ఆయన చేతిలోంచి తీసుకుని గుప్పిట్లో మూసేశాను.

"ఏంటి మేడమ్?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అతని కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి.

"ఏం లేదు."

"మీరు ఏం లేదన్నారంటే ఏదో ఉందన్నమాటే. నాకు తెలియాలి."

"తెలుస్తుంది. రేపు కోర్టుకి వెళ్ళేలోపు."

"ఎవరు తీశారో మీరు చెప్పలేకపోతే ఆ అచ్చు నాకెందుకూ పనికిరాదు. తీసింది కూడా వీడేనంటాను. రేపు వీణ్ణి పంపించేస్తాను."

అతనన్నంత పనీ చేస్తాడు. అమ్మాయి తండ్రి ఏం ఉద్యోగం చేసేవాడో అడగాలని అతనికి తోచలేదు. తోచి ఉంటే ఈపాటికి జీపెక్కి ఉండేవాడు. ఆ పని నాకు మిగిలింది.

దారి పొడుగునా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నోరు మూసుకుంటే చెయ్యని తప్పుకి ఒక మనిషి జైలుకి పోతాడు. నోరు తెరిస్తే బిడ్డని పోగొట్టుకున్న తండ్రికి ఆ బిడ్డని ఎవరు చంపారో చెప్పాలి. ఇంకెవరైనా అయితే బాగుండునని ఆ ఇల్లు వచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను. పక్కింటివాడు, మెకానిక్కు, ఎవడో ఒకడు. గేటు తియ్యబోతే బందులకి నాలుగు నట్లు కనిపించాయి. నాలుగింటి మీదా సన్నటి పసుపు గీతలున్నాయి.

పెద్దాయన ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి లేవబోయాడు.

"కూర్చోండి, లేవకండి."

"వాడు ఒప్పుకున్నాడా అమ్మా?"

"మిమ్మల్ని ఒక మాట అడగాలి. పోయిన బుధవారం తర్వాత మీరు బుజ్జమ్మ బండి ముట్టుకున్నారా?"

ఆయన లోపలి గది గుమ్మం వైపు ఒకసారి చూశాడు. తర్వాత, చెయ్యకూడని పని చేసి దొరికిపోయిన పిల్లాడిలా తల వంచాడు.

"ముట్టుకున్నాను. తనకిష్టం ఉండేది కాదు. 'నాన్నా, ఇది బస్సు కాదు, నా బండి జోలికి రాకు' అనేది. కొత్త చక్రాలు వేయించుకొచ్చినప్పుడే చూద్దామనుకున్నాను. గయ్యిమంటుందని ఊరుకున్నాను. శనివారం మధ్యాహ్నం అన్నం తిని పడుకుంది. ఇదే సమయమని జాకీ పెట్టాను."

"ఏం కనిపించింది?"

"ముందు చక్రాల వెనకాల బిళ్ళలు." ఆయన గొంతులో కోపం వచ్చింది. మూడు రోజుల్లో ఆ గొంతులో జీవం కనిపించింది అప్పుడే. "డిపోలో నేను చేరినప్పట్నించీ దిగిపోయేదాకా మా కుర్రాళ్ళకి చెప్పింది ఒకటే మాటమ్మా. హబ్బుకీ చక్రానికీ మధ్య ఏదీ ఉండకూడదు. పెయింటు పొర మందంగా ఉన్నా గీకించేవాణ్ణి. ఒకసారి ఎవడో సందు పూడుతుందని రేకుముక్క పెట్టాడు. నట్లు వదులై నడిరోడ్డు మీద బస్సు చక్రం ఊడింది. సైకిలు మీద వెళ్తున్న మనిషి పోయాడు. ఆ మనిషి ఇంటికి నేనూ వెళ్ళాను. అలాంటిది నా ఇంట్లో, నా పిల్ల బండికి వేలెడు మందం బిళ్ళ పెడతాడా? ఒళ్ళు మండిపోయింది. తీసేశాను. హబ్బు శుభ్రం చేసి, బిగించి, గీత పెట్టాను. సందు చివరిదాకా నడిపి చూశాను కూడా. చిన్న చప్పుడు లేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయానమ్మా."

"పోలీసులకి ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది. వాడా చక్రాలు వేసింది సోమవారం. నేను చూసింది శనివారం. అన్ని రోజులూ నా బిడ్డ ఆ బిళ్ళల మీద తిరిగింది. అప్పుడే లోపల ఏదో పాడైపోయి ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. చక్రాల మీదే బతికినవాణ్ణి, నా ఇంటి ముందున్న బండి చూసుకోలేదని ఎవరితో చెప్పుకోను?"

ఆయన లేచి గోడ అలమర తెరిచాడు. ఉతికి మడత పెట్టిన గుడ్డలో చుట్టిన రెండు బిళ్ళలు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"తను లేచాక వీటిని చూపించి నచ్చజెప్పుదామనుకున్నాను, గయ్యిమంటుందని రేపు చూద్దాంలే అని ఊరుకున్నాను. చీకటిపడ్డాక స్నేహితురాలి ఇంటికి వెళ్ళి అక్కడే పడుకుంది. మర్నాడు పొద్దున ఇంటికొస్తూనే..." ఆగాడు. "వీటిని కోర్టులో పెట్టండమ్మా. వాడు చేసిన పాపం ఇదే."

బరువు లేవు ఆ బిళ్ళలు. నేను చాలా ఇళ్ళలో చాలా చెడ్డ కబుర్లు చెప్పాను. ఎలా మొదలెట్టాలో తెలియకుండా కూర్చోవడం ఇదే మొదలు. అబద్ధమొకటి ఆలోచించాను కూడా. బిళ్ళలు బ్యాగులో వేసుకుని 'సరేనండీ' అని వచ్చేయొచ్చు. ఆయన బతికినంతకాలం రిమ్ముల బాబాయ్‌ని తిట్టుకుంటూ బతుకుతాడు. తిట్టుకోడానికి ఎవరో ఒకరు ఉండటం కూడా ఆసరాయే. కానీ స్టేషన్ వెనక గదిలో ఇంకో మనిషి కూర్చుని ఉన్నాడు.

ఈలోపు ఆయనే అడిగాడు. తండ్రిలా కాదు, పనిమంతుడిలా అడిగాడు.

"టైరు ఏ పక్క చీలిందమ్మా?"

"లోపలి పక్క."

"ఒకచోటా?"

"చుట్టూతా. ఒకటే గీత."

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "బిళ్ళ వదులైతే చక్రం ఊగాలి. నట్ల బొక్కలు కోలగా సాగాలి. సాగాయా?"

"లేదండీ. నట్లు గట్టిగా ఉన్నాయి. మీ గీత ఒక్కటి కూడా తప్పలేదు."

"కుడి టైరు?"

"దానికీ లోపలే గీత పడుతోంది."

చెయ్యి చాపాడు. ఒక బిళ్ళ ఇచ్చాను. దాని అంచు మీద బొటనవేలు పెట్టి మందం చూశాడు. తర్వాత ఆ వేలినీ, పక్క వేలినీ అంతే దూరంలో పట్టుకుని, ఖాళీ జాగా వైపు చూస్తూ ఉండిపోయాడు. లెక్క ఆయన బుర్రలో నడుస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. ఆపాలనిపించింది. ఎలా ఆపను?

"షాకబ్జార్బరుకా?" అన్నాడు.

"అవునండీ."

"ఈ బిళ్ళ ఉంటే తగలదు."

"తగలదండీ."

ఆయన బిళ్ళని బల్లమీద పెట్టాడు. చప్పుడు కాకుండా, పడుకున్న పిల్ల లేస్తుందేమో అన్నంత నెమ్మదిగా పెట్టాడు. కూర్చోబోయి కుర్చీ ఎక్కడుందో తెలియక తడుముకున్నాడు. నేను లేచి పట్టుకున్నాను.

"చక్రాలు ఎలాంటివో మీకు తెలీదండీ. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. మీరు తనని అడగలేదు."

"అడిగితే తిడుతుందని అడగలేదు."

"తనూ చెప్పలేదు. చెప్తే మీరు తిడతారని. షాపాయనతో నవ్వుతూ అందట."

ఈ మాట చెప్పకుండా ఉండాల్సిందేమో నాకు ఇప్పటికీ తెలీదు. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఏడుపు గొంతులోంచి రాలేదు, ఇంకెక్కడి నుంచో వచ్చింది. నేను ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. నా కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

తర్వాత ఆయనే లేచాడు. మేకుకి ఉన్న చొక్కా తీసి తొడుక్కున్నాడు.

"ఆ మనిషి ఎక్కడున్నాడు?"

"స్టేషన్‌లో."

"రేపేగా కోర్టు?"

"అవునండీ."

"పదమ్మా. రాత్రంతా ఆయన అక్కడ పడుకోకూడదు. ఆయనకీ పిల్లలుంటారు." గుండీ బొక్కలోకి పోవడం లేదు, మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తున్నాడు. "నన్ను లోపల వేస్తారా?"

"తెలీదండీ. వెయ్యకపోవచ్చు. మీరు కావాలని చేసింది కాదు."

"వేస్తే బాగుండు" అన్నాడు.

లోపలి గుమ్మంలో అలికిడయింది. బుజ్జమ్మ తల్లి నిలబడి ఉంది. నేనొచ్చినప్పట్నించీ అక్కడే ఉందేమో. మూడు రోజులుగా ఆవిడ నోట ఒక్క మాట నేను వినలేదు. వచ్చి ఆయన చొక్కా గుండీలు తనే పెట్టింది, పై నుంచి కింది దాకా. పెట్టాక బల్లమీది బిళ్ళలు తీసి మళ్ళీ ఆ గుడ్డలోనే చుట్టింది.

"నువ్వు ఇంట్లో ఉండు" అన్నాడాయన, ఆవిడ వైపు చూడకుండా. "ఇది నేను ఒక్కణ్ణే చేసింది."

"ఒక్కరే ఎలా చేస్తారు?" అంది ఆవిడ. నాకేసి తిరిగింది. "నట్లు దొర్లిపోతాయంటే నా ఒళ్ళో పోసుకుని కూర్చున్నానమ్మా. ఒక్కోటీ తుడిచి నేనే అందించాను. పిల్ల లేస్తుందేమో, తొందరగా కానివ్వండి అన్నది కూడా నేనే. నేనూ వస్తాను."